హుకుమ్ వేరు, హిసాబ్ వేరు

బక్రీద్‌కు వారం ముందు మా వైపు ఒక ఠాణాలో పీస్ కమిటీ మీటింగ్ పెట్టారు. మస్జిద్ కమిటీ సదర్ సాబ్, ఖురేషీ బిరాదరీ నుంచి ఇద్దరు, గుడి కమిటీ పెద్దమనిషి, ఇద్దరు వార్డు మెంబర్లు, మూలకు ముగ్గురం విలేఖరులం. ప్లాస్టిక్ కుర్చీలు, ఉస్మానియా బిస్కెట్లు, చాయ్. ఎస్సై గారు మర్యాదగానే మాట్లాడారు. ఖుర్బానీ ఎక్కడ చేయాలి, చెత్త ఎక్కడ వేయాలి, ఫోన్లలో ఏం పంపకూడదు, అన్నీ చెప్పారు. చివర్లో కెమెరాల సంగతి వచ్చింది. చౌరస్తాల్లో సీసీ కెమెరాలు పెట్టిస్తున్నామని, దుకాణదారులు, మస్జిద్ వాళ్లు, గుడి వాళ్లు తలా కొంత చందా వేసుకోవాలని అన్నారు.

వెనక వరసలో ఒక చచ్చా లేచాడు. డెబ్బై దాటిన మనిషి.

"ఇస్తం సాబ్. మా గల్లీ కోసమే గదా, ఇస్తం. మరి హిసాబ్ ఎవరు జెప్తరు? ఎంత జమైంది, ఎంత ఖర్చైంది? కెమెరా ఖరాబైతే ఎవర్ని అడగాలె?"

అందరూ నవ్వారు. ఎస్సై గారు కూడా నవ్వి, "చూద్దాం చచ్చా, కూర్చో" అన్నారు. మీటింగ్ అయిపోయింది. బయట చెప్పులు వేసుకుంటూ చచ్చా నా భుజం పట్టుకున్నాడు.

"నువ్వు అఖ్బార్‌ల రాస్తవ్ గదా బేటా. ఊరి మోరీకి ఎంత ఖర్చైందో గ్రామసభల చదువుతరు. బడి గోడకు ఎంతైందో చదువుతరు. ఠాణా జమా ఖర్చు ఏ మజ్లిస్‌ల చదువుతరు?"

ఇరవై ఏళ్లుగా మండల సమావేశాలకు, మునిసిపల్ కౌన్సిల్ మీటింగులకు నోట్‌బుక్ పట్టుకుని తిరుగుతున్నాను. వ్యవసాయం, కరెంటు, మిషన్ భగీరథ, అంగన్‌వాడీ, ఒక్కో శాఖ అధికారి లేచి రిపోర్టు చదవడం, సభ్యులు నిలదీయడం వందల సార్లు రాశాను. ఆ వరసలో పోలీసు శాఖ పేరు పిలవగా నేను వినలేదు. పోలీసు ఆ హాలుకు వస్తాడు. బందోబస్తుకు వస్తాడు, గుమ్మం దగ్గర నిలబడతాడు. లోపలికి వచ్చి లెక్క చెప్పడు. ఎందుకు అని ఇన్నేళ్లలో నాకు తోచనే లేదు. చచ్చా అడిగాక తోచింది. ఆయనకు ఇవ్వాల్సిన జవాబే ఈ మజ్మూన్.

పానగల్ కోట కింద

చచ్చా పుట్టింది పానగల్‌లో. మన దక్షిణ తెలంగాణలో పానగల్ అంటే ఏ పానగల్ అని అడగాలి. ఒకటి నల్లగొండను ఆనుకుని ఉన్నది: కందూరు చోళుల రాజధాని, ఛాయా సోమేశ్వరాలయం, ఉదయసముద్రం చెరువు ఉన్న ఊరు. రెండోది పాత మహబూబ్‌నగర్ జిల్లాది, ఇప్పుడు వనపర్తి జిల్లా మండలం, గుట్ట మీద కోట ఉన్న ఊరు. చచ్చాది ఈ రెండోది. 1417 ప్రాంతంలో బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా ఈ కోట కోసమే విజయనగరంతో జంగ్‌కు దిగాడు. ముట్టడి రెండేళ్లు సాగింది, చివరికి ఓడిపోయి వెనక్కి పోయాడు. గుట్ట పైన కోట నడిబొడ్డును ఇప్పటికీ బాలా హిస్సార్ అనే అంటారు.

కోటను గెలిచినవాళ్ల పేర్లు తారీఖ్ పుస్తకాల్లో ఉన్నాయి. కోట కింది ఊళ్లను రాత్రిపూట కాసినవాళ్ల పేర్లు లేవు. కానీ వాళ్ల పదవుల పేర్లు మన నోళ్లలో మిగిలాయి. కావలికారు, సుంకరి, మస్కూరి, శేత్‌సింధీ. వీళ్లపైన పోలీస్ పటేల్. తెలంగాణ ఊళ్లో పెత్తనం ముగ్గురిది: శిస్తుకు మాలీ పటేల్, రాతకోతలకు పట్వారీ, శాంతిభద్రతలకు పోలీస్ పటేల్. ముగ్గురివీ వతన్లు, అంటే బాప్ తర్వాత బేటాకు వచ్చే పదవులు.

ఈ కావలివాళ్లకు జీతం ఎవరిచ్చారు? ఊరే ఇచ్చింది. కొంత ఇనాం భూమి రూపంలో, కొంత కళ్లంలో కొలిచి పెట్టే గింజల రూపంలో. దక్షిణాది పాత కావలి పద్ధతిలో ఇంకో షర్త్ కూడా ఉండేది. దొంగతనం జరిగి దొంగ దొరకకపోతే, పోయిన సొమ్ముకు కావలికారు పూచీ పడాలి. తిండి ఊరిది కాబట్టి జవాబ్‌దేహీ కూడా ఊరికే.

ఇది చదివి పాత రోజులే బాగున్నాయని ఎవరూ అనుకోవద్దు. కావలికారు చాలాచోట్ల అణగదొక్కిన కులాలవాడు. గింజలతో పాటు దెబ్బలు కూడా ఊరి పెద్దల చేతుల్లోనే ఉండేవి. పోలీస్ పటేల్ దొర ఇంటి మనిషైతే, ఊరి లెక్కంటే దొర చెప్పిన లెక్కే. వెట్టి చేసినవాడు ఎవరిని హిసాబ్ అడగగలడు? కాబట్టి పాత పద్ధతి నుంచి నేను తీసుకునేది ఒక్క ముక్కే. కాపలా ఖర్చు ఊరికి కనబడేది. ఎవరికి ఎన్ని కుంచాలు పోతున్నాయో కళ్లంలో నిలబడ్డ పిల్లవాడికి కూడా తెలిసేది.

అమీన్ సాబ్ వచ్చాడు

1853లో దీవాన్ అయిన సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ చేశాడు. రియాసత్ జిల్లాలుగా, తాలూకాలుగా ఒక వరసలోకి వచ్చింది. కొత్వాలీ ఒక మహ్కమాగా స్థిరపడింది. జిల్లాకు ఒక మొహ్తమిమ్, ఠాణాకు ఒక అమీన్, కింద జవాన్లు. మన నానీలు పిల్లల్ని భయపెట్టిన "అమీన్ సాబ్ ఆయా" అనే మాట అప్పటిదే. జిల్లా పోలీసుకు పైన అవ్వల్ తాలూక్దార్, అంటే ఇప్పటి కలెక్టర్ లాంటి అధికారి. మొహ్తమిమ్ ఆయన కింద పనిచేసేవాడు. అమీన్ మొహ్తమిమ్‌కు, మొహ్తమిమ్ తాలూక్దార్‌కు, ఆయన హైదరాబాద్‌కు జవాబు చెప్పుకునేవారు. ఆ నిచ్చెనలో ఊరి వైపు తిరిగిన మెట్టు ఒక్కటి కూడా లేదు.

దీనివల్ల మేలు కూడా జరిగింది. అంతకుముందు సంస్థానం దాటితే ఒక చట్టం, జాగీర్ దాటితే ఒక చట్టం, దారి పొడుగునా ఎవడి లాఠీ వాడిది. పూర్తిగా మారిపోయిందని కూడా అనలేం. పానగల్ పక్కనే ఉన్న వనపర్తి, దక్షిణాన గద్వాల వంటి సంస్థానాలకు ఆ తర్వాత కూడా సొంత పోలీసు, సొంత అదాలత్‌లు ఉండేవి. అయినా జీతం తీసుకుని, కాగితం మీద రాసి పనిచేసే పోలీసు అనే తరీఖా అప్పుడే మొదలైంది. ఎఫ్ఐఆర్‌తో ముగిసే మన ఠాణా భాషలో ఫిర్యాదు, పంచనామా, జప్తు, జమానత్, హాజరు, బందోబస్తు ఇవన్నీ ఆ దఫ్తర్ల నుంచి తెలుగులోకి నడిచొచ్చినవే.

పోయిందేమిటంటే, లెక్క ఊరి కంటికి కనబడకుండా పోయింది. మవాజ్నా, అంటే బడ్జెట్, హైదరాబాద్‌లో తయారయ్యేది. రైతు శిస్తు కట్టాడు. శిస్తు మీద రూపాయికి ఒక అణా లోకల్ ఫండ్ కట్టాడు. అది చాలక శేత్‌సింధీ ఇనాం భూములు ఊళ్లో అలాగే ఉన్నాయి. ఒకే కాపలాకు రెండు వైపుల నుంచి ఇచ్చి, ఏ వైపూ అడగలేని స్థితికి వచ్చాడు.

రిప్పన్ ఇచ్చిన వరం

అదే కాలంలో కోస్తా వైపు, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలో, కథ ఇంకోలా నడిచింది. మచిలీపట్నం, రాజమండ్రి, గుంటూరు, నెల్లూరు 1866లో మునిసిపాలిటీలయ్యాయి. 1865 నాటి పట్టణాభివృద్ధి చట్టం వాటి నెత్తిన పెట్టిన బరువుల్లో పెద్దది పోలీసు ఖర్చు. ఇంటిపన్ను వసూలు చేసి పట్టణ పోలీసుకు డబ్బు కట్టాలి. కానీ ఆ పోలీసు మీద కౌన్సిల్‌కు ఏ అఖ్తియార్ లేదు. ఎంతమందిని పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, ఎవరిని తీసేయాలి, అన్నీ పైనుంచే.

జనం సణిగారు. ఇది మన దగ్గరే వచ్చిన తక్రార్ కాదు. లండన్‌లో 1829లో కొత్త పోలీసు పెట్టినప్పుడు కూడా పారిష్‌ల వాళ్లు ఇదే అన్నారు: పన్ను మాది, పెత్తనం హోం మంత్రిదా? ఇంగ్లండ్‌లోని మిగతా పట్టణాల్లో మాత్రం 1835 చట్టంతో టౌన్ కౌన్సిల్ నుంచే ఒక వాచ్ కమిటీ ఏర్పడింది. ఆ కమిటీయే పోలీసును నియమించేది, జీతాలు ఇచ్చేది, తప్పు చేస్తే తీసేసేది. అక్కడ డబ్బు, ప్రశ్న ఒకే గదిలో కూర్చున్నాయి.

మన దగ్గర ఆ ముడిని ఇంకో విధంగా విప్పారు. స్థానిక స్వపరిపాలనకు పితామహుడని మనం బడిలో చదువుకున్న లార్డ్ రిప్పన్, 1882 మే 18 తీర్మానంలో ఆ అన్యాయాన్ని ఒప్పుకున్నాడు. తమ చేతిలో లేని పోలీసుకు మునిసిపాలిటీలు డబ్బు కట్టడం సబబు కాదు, ఆ భారం తీసేసి ఆ డబ్బును బడులకు, దవాఖానాలకు, రోడ్లకు వాడుకోనివ్వాలి అన్నది దాని సారాంశం.

చూడ్డానికి వరమే. బడులు వచ్చాయి, దవాఖానాలు వచ్చాయి. కానీ ముడి విప్పడానికి రెండు దారులున్నాయి. ఖర్చు పెడుతున్నవాళ్లకు అడిగే హక్కు ఇవ్వడం ఒకటి. ఖర్చు తీసేసి, అడగడానికి కారణమే లేకుండా చేయడం రెండోది. రిప్పన్ రెండోది ఎంచుకున్నాడు. మన కౌన్సిళ్లు ఆనాటి నుంచి మోరీలు, దీపాలు, రోడ్ల గురించి మాట్లాడుకుంటున్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ గీత చెరగలేదు.

మీటింగే ఠాణాను అడగాలి

రియాసత్‌లో సంగతి దీనికంటే విచిత్రం. ఇక్కడ మీటింగ్ పోలీసును ప్రశ్నించడం అటుంచి, మీటింగ్ పెట్టుకోవడానికే పోలీసు ఇజాజత్ కావాలి. ఆ హుకుమ్‌కు పేరు గష్తీ నిషాన్ తిర్పన్, యాభై మూడో నంబరు గష్తీ. ఆంధ్ర మహాసభ వాళ్లు 1930లో జోగిపేటలో మొదలుపెట్టి, 1931లో బూర్గుల రామకృష్ణారావు సదారత్‌లో దేవరకొండలో, 1936లో కొండా వెంకటరంగారెడ్డి సదారత్‌లో షాద్‌నగర్‌లో సభలు జరుపుకున్న రోజులివి. బడులు కావాలి, వెట్టి పోవాలి అని అడగడానికే ఎవరు మాట్లాడతారు, ఏం మాట్లాడతారు అని ముందు సర్కారుకు చెప్పుకోవాల్సి వచ్చేది.

ఆ కాలంలో మంచి పోలీసు అధికారులు లేరా? ఉన్నారు. హైదరాబాద్ కొత్వాల్‌గా 1920 నుంచి 1934 వరకు పనిచేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి మన వనపర్తి వైపు మనిషే. ఆ పదవిలో కూర్చున్న మొదటి హిందువు. పాతబస్తీ ముసల్మాన్లు ఆయన పేరును ఇజ్జత్‌తో తలచుకునేవారని మా ఉస్తాద్‌లు చెప్పేవారు. కానీ మంచి కొత్వాల్ దొరకడం షహర్ కిస్మత్. ఆయన పోయాక ఎవరొస్తారో షహర్‌కు చెప్పే హక్కు లేదు, ఆయన ఉన్నప్పుడూ లేదు.

ఆ రోజుల చట్టాలు గోరీల్లో లేవు. జిల్లా పోలీసు చట్టం 1329 ఫస్లీది, అంటే 1919-20 ప్రాంతంది. హైదరాబాద్ నగర పోలీసు చట్టం 1348 ఫస్లీది. ముందు హైదరాబాద్, తర్వాత ఆంధ్రప్రదేశ్, ఇప్పుడు తెలంగాణ అని పేట్లు మారాయి. పేరులోని ఫస్లీ సంవత్సరం మాత్రం ఇంకా అలాగే ఉంది.

పోలీసు అనే మాట మన ఇళ్లలో

ఇక్కడ మన ఘరానాల్లో అందరికీ తెలిసి, ఎవరూ గట్టిగా మాట్లాడని భాగం వస్తుంది.

1946 నుంచి నల్లగొండ పల్లెలు రైతాంగ పోరాటంలో మండాయి. ఒకవైపు దొరల గూండాలు, పోలీసు క్యాంపులు, తర్వాత రజాకార్లు. రజాకార్లు చేసిన జుల్మ్‌ను మనం దాచకూడదు, మన పేరు మీద జరిగిందని తేలిక చేయకూడదు. ఆ తర్వాత 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 వరకు భారత సైన్యం వచ్చింది. మేజర్ జనరల్ చౌధురి నడిపించిన సైనిక చర్య అది. దానికి పెట్టిన పేరు పోలీస్ యాక్షన్. ఆ నాటి నుంచి మన నానీల నోట్లో "పోలీస్ యాక్షన్ కే టైమ్ మే" అన్నది ఒక సన్, ఒక తారీఖ్ అయిపోయింది. పెళ్లిళ్లు, పుట్టుకలు దానికి ముందో తర్వాతో లెక్కపెట్టేవారు.

ఆ వెంటనే జరిగిన ఖూనీల గురించి తెలుసుకోవడానికి పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఆ ఏడాది చివర్లో జిల్లాలు తిరిగారు. తగ్గించి చూసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వాళ్ల అంచనా. ఎక్కువ నష్టం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. నల్లగొండ కూడా దెబ్బతిన్న జిల్లాల జాబితాలో ఉంది. ఆ రిపోర్టును సర్కారు ప్రచురించలేదు. ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో చదువుకునే వీలుందన్న సంగతి జనానికి తెలిసేసరికి 2013 వచ్చింది.

దీన్ని పాత గాయం గిల్లడానికి రాయడం లేదు. 1946లో క్యాంపు పోలీసు కొట్టిన రైతు, 1947లో రజాకార్ల చేతిలో ఇల్లు కాలిన మనిషి, 1948లో బావిలో పడ్డ భర్త కోసం ఏడ్చిన బేవా, ముగ్గురికీ మజ్హబ్‌లు వేరు, జుల్మ్ చేసినవాళ్లు వేరు. కానీ ముగ్గురికీ తమ ఊళ్లో, తమ తాలూకాలో వెళ్లి నిలబడి "ఇది ఎవరి హుకుమ్? దీనికి హిసాబ్ ఎవరిది?" అని అడగడానికి ఒక్క మజ్లిస్ లేదు. ఢిల్లీ నుంచి కమిటీ రావాలి. వచ్చిన కమిటీ రాసింది అల్మారాలో పడుండాలి.

షాద్‌నగర్ నుంచి ఇరవై తొమ్మిది దాకా

1959 అక్టోబర్ 11న షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీ రాజ్‌ను ప్రారంభించారు. అంతకు తొమ్మిది రోజుల ముందే రాజస్థాన్‌లోని నాగౌర్‌లో మొదలైంది. ఇరవై మూడేళ్ల క్రితం ఇజాజత్ తీసుకుని ఆంధ్ర మహాసభ జరుపుకున్న ఊళ్లోనే, జనం చేతికి అధికారం ఇస్తున్నామని దేశ ప్రధాని వచ్చి చెప్పారు. నిజంగానే చాలా ఇచ్చారు. సమితులకు వ్యవసాయం, బడులు, రోడ్లు, మంచినీళ్లు. ఠాణా ఇవ్వలేదు.

1984 జనవరిలో ఎన్టీఆర్ సర్కారు పటేల్, పట్వారీ వతన్లను రద్దు చేసింది. ఊరి దొరతనం నడుం విరిగింది, మంచిదే. దానితో పాటే పోలీస్ పటేల్ కూడా పోయాడు, ఊళ్లో పోలీసు అనే పదవితో పుట్టిన మనిషి ఎవరూ మిగల్లేదు. మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. 1993 ఏప్రిల్ 24 నుంచి 73వ సవరణ అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు ఇవ్వదగ్గ 29 అంశాలను రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో రాశారు. చేపల పెంపకం ఉంది, ఖాదీ ఉంది, సంతలు ఉన్నాయి. పోలీసు లేదు. పట్టణాలకు ఇచ్చిన పన్నెండో షెడ్యూల్‌లోని 18 అంశాల్లోనూ లేదు. పోలీసు రాష్ట్ర జాబితాలో రెండో పద్దు. అంటే ఠాణా మీజానియా పాస్ అయ్యేది ఒక్కచోటే, అసెంబ్లీలో, హోం శాఖ గ్రాంటుగా. ఆ గ్రాంటు మీద చర్చకు దొరికే సమయం గంటల్లో ఉంటుంది. రోజులు చాలకపోతే మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండానే ఒకే దెబ్బకు పాస్ అయిపోతాయి. మా పేపర్లలో దాన్ని గిలటిన్ అని రాస్తాం.

మా ఖాలా కొడుకు టెక్సస్‌లో ఉంటాడు. అక్కడి ఆస్టిన్ సిటీ కౌన్సిల్ 2020 ఆగస్టులో, జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాతి రోజుల్లో, పోలీసు బడ్జెట్‌లో దాదాపు మూడోవంతును కోసి ఇతర పనులకు మళ్లించాలని ఓటు వేసింది. అంతకుముందు మామూలు మనుషులు ఫోన్లలో లైనుకొచ్చి తలా ఒక నిమిషం, రెండు నిమిషాలు మాట్లాడటం వాడు చూశాడు. "భాయ్, ఇక్కడ టీచర్ కూడా పోలీసు చీఫ్ జీతం గురించి కౌన్సిల్‌లో అడుగుతుంది" అన్నాడు. అక్కడా ఆ కథ సాఫీగా సాగలేదు. పెద్ద నగరాలు పోలీసు బడ్జెట్ తగ్గిస్తే వాటి పన్నుల మీద దెబ్బపడేలా 2021లో టెక్సస్ రాష్ట్రం చట్టం చేసింది. ఆస్టిన్ తన బడ్జెట్‌ను మళ్లీ పెంచుకుంది. ఎక్కువా తక్కువా అన్నది వాళ్ల తక్రార్. నాకు కావాల్సింది ఆ హాలు, ఆ మైకు.

మనకు భయం కూడా ఉంది

చచ్చాకు ఇదంతా ఫోన్‌లో చెప్పాను. మొత్తం విని ఇంకో సవాల్ వేశాడు. "అచ్ఛా బేటా. రేపు ఠాణాను సర్పంచ్ చేతికి ఇస్తరు అనుకో. ఊళ్ల మనం పది ఇండ్లోళ్లం. ఎవని చేతికి లాఠీ పోతది?"

ఇది చిన్న మాట కాదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ పల్లెను మెచ్చుకోవడానికి ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే భయం. ఊళ్లో బలవంతుడి చేతికి పోలీసు పోతే దళితుడికి, మైనారిటీకి దిక్కెవరు? పోలీస్ పటేల్ కాలం చూసిన ఇళ్లకు ఆ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఠాణా దూరంగా ఉండటం కొన్నిసార్లు మనల్ని కాపాడింది కూడా.

అందుకే రెండింటినీ విడదీయాలి. ఎవరిని పట్టుకోవాలి, ఎవరిని వదలాలి, ఎవరి మీద కేసు పెట్టాలి, ఇది హుకుమ్. ఇది సర్పంచ్ చేతిలో ఉండకూడదు, ఎమ్మెల్యే చేతిలోనూ ఉండకూడదు, ఖానూన్ చేతిలోనే ఉండాలి. ఎంత డబ్బు వచ్చింది, దేనికి పోయింది, ఊళ్లో ఎత్తిన చందా ఎక్కడ జమైంది, కెమెరా పనిచేస్తోందా, చేయకపోతే ఎన్నాళ్ల నుంచి, ఇది హిసాబ్. హిసాబ్ అడిగినంత మాత్రాన ఎవరూ హాకిమ్ అయిపోరు. మన సర్కారీ కాగితాల్లో ఈ రెండూ కలిసిపోయాయి. హుకుమ్ ఇవ్వకూడదు కాబట్టి హిసాబ్ కూడా అడగకూడదన్నట్టు నూట యాభై ఏళ్లుగా నడుస్తోంది.

ఒక ఖాళీ కుర్చీ

వెతుకుతుంటే నాకు ఒక కుర్చీ దొరికింది. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో జస్టిస్ నారిమన్ నాయకత్వంలోని సుప్రీంకోర్టు బెంచ్, దేశంలోని ప్రతి ఠాణాలో సీసీ కెమెరాలు పెట్టాలని ఆదేశించింది. గల్లీలో కాదు, ఠాణా లోపల. గేటు, వరండా, లాకప్, ఎస్సై గది. రికార్డింగ్ పద్దెనిమిది నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది దాచాలి. వీటిని చూసుకోవడానికి రాష్ట్రానికి ఒక కమిటీ, జిల్లాకు ఒక కమిటీ. జిల్లా కమిటీలో ఎవరుండాలో కూడా కోర్టే రాసింది: రెవెన్యూ ఉన్నతాధికారి, కలెక్టర్, ఎస్పీ, నాలుగో మనిషిగా జిల్లాలోని ఒక మేయర్, గ్రామీణ ప్రాంతమైతే జిల్లా పరిషత్ అధ్యక్షుడు.

జిల్లా పరిషత్ అధ్యక్షుడు అంటే మనం ఓటేసిన ఎంపీటీసీ, జెడ్పీటీసీల వ్యవస్థ నుంచి వచ్చిన మనిషి. రిప్పన్ తీర్మానం తర్వాత ఇన్నేళ్లకు ఎన్నికైన స్థానిక సభ మనిషి ఒకరు ఠాణా హిసాబ్ చూసే బల్ల దగ్గర కూర్చోవాలని కోర్టు చెప్పింది. ఆ కమిటీ పనులు కూడా తీర్పులో ఉన్నాయి. కెమెరాలు నడుస్తున్నాయో లేదో చూడాలి, ప్రతి నెలా రాష్ట్ర కమిటీకి రిపోర్టు పంపాలి, ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా హక్కుల ఉల్లంఘన ఏమైనా జరిగిందేమో రికార్డింగులు తీసి చూడాలి.

నిజం చెబితే సిగ్గే. విలేఖరినై ఉండి, ఆ తీర్పు వచ్చిన రోజు వార్త చదివి, నాలుగో మనిషి గురించి నేను ఒక్క లైను రాయలేదు.

చందాలతో చౌరస్తాలో కెమెరాలు పెట్టించే పనిని మన పోలీసు శాఖ "నేను సైతం" పేరుతో ఏళ్లుగా నడుపుతోంది. దొంగలు దొరికారు, తప్పిపోయిన పిల్లలు దొరికారు, కాదనను. కానీ కోట కింద కళ్లంలో గింజలు కొలిచిన రోజుల్లాగే ఊరు మళ్లీ తన కాపలాకు తన జేబులోంచి ఇస్తోంది. ఆనాటి పిల్లవాడికి కొలత కనబడేది. చచ్చాకు కనబడటం లేదు.

కాబట్టి సమాచార హక్కు చట్టం కింద ఒక దర్ఖాస్త్ రాశాను. మూడు సవాళ్లు. ఒకటి, మా జిల్లాలో ఆ కమిటీ ఏర్పడిందా, నాలుగో సభ్యుడు ఎవరు? రెండు, ఇప్పటిదాకా ఎన్నిసార్లు కూర్చుంది, నెలవారీ రిపోర్టులు ఎన్ని పంపింది? మూడు, గత మూడేళ్లలో ప్రజల నుంచి కెమెరాల కోసం వసూలైన చందా ఎంత, ఏ ఖాతాలో జమైంది, మరమ్మతులకు ఎంత పోయింది?

మీ జిల్లాలో కూడా ఎవరైనా అడగొచ్చు. వకీల్ అక్కర్లేదు, సాదా కాగితం చాలు, తెలుగులో రాసినా చాలు. జవాబు ఇవ్వడానికి 30 రోజుల గడువు. మస్జిద్ కమిటీ లెటర్‌హెడ్ మీద కాకుండా ఒక మామూలు మనిషి పేరు మీద రాయండి, చట్టం పౌరుడికే ఆ హక్కు ఇచ్చింది. వచ్చే పీస్ కమిటీ మీటింగ్‌లో చందా అడిగితే ఇవ్వండి, రసీదు తీసుకోండి. అడిగినవాడిని చూసి మనవాళ్లే నవ్వకుండా ఉంటే ఇంకా మేలు. ఆ రోజు చచ్చాను చూసి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

దర్ఖాస్త్ పోస్టు చేసి చచ్చాకు ఫోన్ చేశాను. "రసీదు తీస్కున్నవా?" అన్నాడు. తీసుకున్నానన్నాను. "జర జాగ్రత్తగ పెట్టుకో" అన్నాడు.